చట్టం, నీతి మీద ఆన్‌లైన్ కోర్సు చేశా, ఐదుకి మూడు స్టార్లు

ఎనిమిది క్లాసుల రికార్డెడ్ కోర్సు ఇది, పేరు చెప్పను, సపోర్ట్ వాళ్ళతో నా గొడవ ఇంకా నడుస్తోంది. నేనేం లాయర్ని కాదు. చట్టం ఉన్నంత మాత్రాన దాన్ని సమర్థించెయ్యాలా అని మా తమ్ముడికీ నాకూ ఎప్పుడూ పడదు, వాడిది ఒకటే మాట, "చట్టం అన్నాక చట్టమే అక్కా, నీకు నచ్చేదేంటి". వాడి నోరు మూయిద్దామనే జాయిన్ అయ్యా, దాచుకోడానికేముంది.

ముందు మంచి చెప్తా. మూడో క్లాసు సూపర్. స్వీడన్‌లో 1967 సెప్టెంబర్ 3 దాకా బళ్ళు రోడ్డుకి ఎడమ పక్క వెళ్ళేవి, ఆ రోజు తెల్లారి ఐదింటికి దేశం మొత్తం కుడి పక్కకి మార్చేశారు. అసలు 1955లో జనాన్ని ఓటు అడిగితే దాదాపు 83 శాతం వద్దన్నారు, అయినా తర్వాత పార్లమెంటు మార్చింది, వద్దన్నవాళ్ళు కూడా ఆ పొద్దున బుద్ధిగా కుడి పక్కే వెళ్ళారు. మరి వెళ్ళక ఏం చేస్తారు, ఎడమా కుడీ రెండిట్లో గొప్పదంటూ ఏదీ లేదు, అందరూ ఒకే పక్క వెళ్ళడమే కావాల్సింది, అలాంటి చోట చట్టం ఉండటమే పెద్ద కారణం, ఈ విషయంలో తమ్ముడికి మార్కులు వెయ్యాల్సిందే. కానీ ఆ 83 శాతం మంది కుడి పక్క నడిపినంత మాత్రాన మనసు మార్చుకున్నట్టా? పాటించడం వేరు, సమర్థించడం వేరు, ఇన్నేళ్ళ మా పోట్లాటలో మేమిద్దరం ఈ రెండూ కలిపేసి అరుచుకున్నాం అని అక్కడ వీడియో ఆపి మరీ అనుకున్నా.

నాలుగో క్లాసులో 1850 నాటి అమెరికా చట్టం. బానిసత్వం నుంచి పారిపోయొచ్చిన మనిషిని దాచిపెడితే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి డాలర్ల దాకా ఫైను. కాంగ్రెస్‌లో పాసై, ప్రెసిడెంట్ సంతకం పడి, అన్నీ పద్ధతిగా వచ్చిన చట్టమే. మరి ఉండటమే చాలంటే ఆ మనిషిని పట్టిచ్చినవాడు మంచోడు, అటక మీద దాచినవాడు చెడ్డోడు అవ్వాలి కదా. సార్ సరిగ్గా ఇక్కడి దాకా తీసుకొచ్చి "సరే, నెక్స్ట్ స్లైడ్" అన్నారు!! అరగంట అయినా మాట్లాడాల్సిన చోట అది.

ఐదో క్లాసులో ఇంకా చిరాకు. జాన్ ఆస్టిన్ అని ఇంగ్లండ్ న్యాయతత్వవేత్తని తెచ్చి, చట్టమంటే పాలకుడి ఆజ్ఞ అన్నాడు కాబట్టి ప్రశ్నించొద్దు అన్నట్టు చెప్పేశారు. అదే ఆస్టిన్ 1832లో రాసింది ఏంటంటే చట్టం ఉందా లేదా అనేది ఒక ప్రశ్న, అది మంచిదా చెడ్డదా అనేది ఇంకో ప్రశ్న అని. అంటే చెడ్డ చట్టం కూడా చట్టమే అన్నాడు గానీ చట్టమైతే చెడ్డది కాదు అనలేదు, ఈ రెండిటికీ ఎంత తేడా. ఆరు, ఏడు క్లాసులు పర్లేదు, ఆడియో మాత్రం నూతిలోంచి వచ్చినట్టుంది.

ఇక గొడవ చివర్లో ఉన్న క్విజ్ గురించి. 11వ ప్రశ్న: ఒక చట్టాన్ని ఎందుకు సమర్థించాలి? నేను "దాని వల్ల జరిగే మేలు చూసి" అని పెట్టా, ఎర్ర రంగులో తప్పు, కరెక్ట్ ఆన్సర్ "అది అమల్లో ఉంది కాబట్టి" అట. దాని కిందే 12వ ప్రశ్న: 1955 డిసెంబర్ 1న అమెరికాలోని మాంట్‌గోమరీ ఊళ్ళో బస్సులో తెల్లవాళ్ళ కోసం సీటు ఖాళీ చెయ్యనన్న నల్లజాతి మహిళ రోజా పార్క్స్ చేసింది ఏంటి? కరెక్ట్ ఆన్సర్ "అన్యాయమైన చట్టాన్ని ఎదిరించడం", పక్కన చప్పట్ల బొమ్మ కూడా. ఆవిడ సీటు దగ్గర కూడా చట్టం అమల్లోనే ఉంది కదండీ, ఆవిడకి ఫైను పడింది కూడా, మరి 11కీ 12కీ ఎలా కుదిరింది?

ఇదే రాసి రెండూ స్క్రీన్‌షాట్ తీసి సపోర్ట్‌కి పంపా. నాలుగు రోజులకి రిప్లై వచ్చింది: "మేడమ్, చెక్ చేశాం, ఆన్సర్ కీలో అలాగే ఉంది కాబట్టి అదే కరెక్ట్."

తమ్ముడికి చూపించా, వాడు నవ్వుతూనే ఉన్నాడు.