కేబీఆర్ పార్కా, అనంతగిరా?

ఫోన్ జేబులో పెట్టి చెట్టూచేమా మధ్య నెమ్మదిగా తిరగాలనుకునే హైదరాబాదీలకు తరచూ వచ్చే సందేహమిది: నగరం మధ్యలోని కేబీఆర్ పార్కుకు వెళ్లాలా, వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండలకా?

ఖర్చు: కేబీఆర్‌కు సిటీ బస్సు, చిన్న టికెట్ చాలు. అనంతగిరి సుమారు 80 కిలోమీటర్లు. వికారాబాద్ దాకా రైలు, అక్కడి నుంచి ఆటో. రోజంతా పోతుంది.

చెవికి: కేబీఆర్‌లో నెమలి అరుపు వినిపిస్తుంది, వెంటే రోడ్డు మీది హారన్లూ వినిపిస్తాయి. అనంతగిరిలో మొదట ఏమీ వినపడనట్టే ఉంటుంది. పది నిమిషాలు కదలకుండా కూర్చుంటే ఎండుటాకుల మీద తొండ పరుగు కూడా తెలుస్తుంది.

ముక్కుకు, చేతికి: వానాకాలంలో అనంతగిరిదే పైచేయి. తడిమట్టి వాసన, నాచు పట్టిన రాయి చల్లదనం, ఆకుల మీంచి మెడ మీద పడే చినుకు. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. ఇది చూశాక నగరంలో మూసీని చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇబ్బంది: కేబీఆర్‌లో ఆగి చెట్టు బెరడు తడిమితే వాకింగ్ వాళ్లు వింతగా చూస్తారు. అలవాటైపోతుంది లెండి. అనంతగిరిలో వానకు జారుడు, ఆదివారం జనం.

వారానికి రెండు మూడుసార్లు అరగంట దొరికేవాళ్లకు కేబీఆరే నయం. నెలకో రోజు సెలవు పెట్టగలిగితే అనంతగిరి, అదీ ఆదివారం కాకుండా.