మూడేళ్లుగా వాడుతున్న ఇత్తడి అచ్చు: నా కోపమంతా ఒక్క ఒత్తు మీదే

తోలు మీద పేరు గుద్దే ఇత్తడి అచ్చు అంటే ఏంటో, ఎక్కడ చేయిస్తారో ఈ పనిలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. నేను చెప్పబోయేది ట కింద ట ఒత్తు గురించి. మూడేళ్లలో నన్ను అంత సతాయించింది ఇంకోటి లేదు.

నా ముద్ర ‘చేకుట్టు’. మిషన్ వాడను, అంతా చేతి కుట్టే, అందుకని ఆ పేరు. ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రిళ్లు, ఆదివారాలు కలిపి నెలకు పదో పన్నెండో పర్సులు, బెల్టులు అవుతాయి. అంతకు మించి చేసేవాళ్లకు నా అనుభవం ఎంతవరకు పనికొస్తుందో మీరే చూసుకోండి.

అసలు పేరు వేయాలా అనేదే మా ఇంట్లో పెద్ద చర్చ. మా తాత సూర్యాపేట దగ్గర ఊళ్లో లందలో, అంటే తోళ్లు ఊరబెట్టే తొట్టిలో, తోళ్లు నానబెట్టి, తంగేడు చెక్క, కరక్కాయ వేసి పదును చేసి, ఆరె, రంపె అనే పనిముట్లు పట్టి చెప్పులు కుట్టినవాడు. దేని మీదా పేరు లేదు. కిర్రు చెప్పులేసుకుని మనిషి నడిచొస్తుంటే, ఆ చప్పుడును బట్టే ఎవరి చేతివో ఊళ్లో చెప్పేవాళ్లట. అచ్చు చేయిస్తానంటే నాన్న నవ్వాడు. “పేరెందుకు బిడ్డా, కుట్టు చూస్తే ఎర్కయితది” అన్నాడు. నేనూ దాదాపు ఒప్పేసుకున్నా. తర్వాత ఒక బట్టల షాపుకు ఇరవై పర్సులు ఇస్తే, వాళ్ల ట్యాగు కట్టి, వాళ్లే చేయించినట్టు అమ్ముకున్నారు. అడిగితే “మీ పేరు దేని మీదా లేదు కదండీ” అన్నారు. నిజమే. కుట్టు చూసి గుర్తుపట్టే ఊరు నాకు లేదు.

సరే, అచ్చు చేయిద్దామనుకున్నాక తెలిసినవాళ్లంతా ఒకటే మాట: ఇంగ్లీషులో వేయించు, ఇబ్బంది ఉండదు. వాళ్లు చెప్పింది తప్పేం కాదు. ఇంగ్లీషు అక్షరాలు ఒకే గీత మీద బుద్ధిగా నిలబడతాయి. మన అక్షరానికి పైన తలకట్టు, పక్కన కొమ్ము, కింద ఒత్తు. ఏడు మిల్లీమీటర్ల ఎత్తులో ఇవన్నీ ఇరికించాలి. నేను వినలేదు. పైగా కంప్యూటర్ తెరమీద గంభీరంగా కనబడిందని రామభద్ర ఫాంటు ఎంచుకున్నా. పేపరు హెడ్డింగులకు సరిపోయే లావు అక్షరం అది. 25 మిల్లీమీటర్ల వెడల్పు, ఇత్తడి మీద తిరగేసి చెక్కించడం, పద్దెనిమిది వందలు.

మొదటి గుద్దు ఇప్పటికీ గుర్తుంది. గ్రానైట్ బండ మీద తడి ఆరీ ఆరని వెజ్ ట్యాన్ (చెట్టు బెరడుతో పదును చేసిన తోలు) ముక్క పెట్టి, అచ్చు ఆనించి, సుత్తితో ఒక్కటేశాను. అచ్చు లేపి చూస్తే లేత గోధుమరంగు తోలు మీద ముదురుగా, లోతుగా నా పేరు. మొదటి ఆర్నెల్లూ కనబడ్డ ప్రతి ఒక్కరికీ ఈ అచ్చు గురించే చెప్పాను. “జన్మంతా పోదు” అన్నాను. ఆ మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి, ఎందుకో కింద చెప్తా.

ఒత్తు సంగతి చెల్లె పర్సుతో బయటపడింది. మా చిన్నమ్మ కూతురు కొత్తిల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి ఏదైనా నా చేతిది ఇద్దామని పెద్ద పర్సు చేశాను. లోపల కార్డులు పెట్టుకునేందుకు పక్కపక్కన రెండు వరసల అరలు, మధ్యలో సెంటీమీటరు ఖాళీ. వారం రోజుల పని. అంచులు కొబ్బరి చిప్పలా నున్నగా వచ్చేదాకా రుద్దాను. కుట్టంతా అయ్యాక గుర్తొచ్చింది, ముద్ర వేయలేదని. మామూలుగా కుట్టకముందే, ముక్క విడిగా ఉన్నప్పుడే గుద్దుతాను. మర్నాడు పొద్దున్నే ఫంక్షను. ఏమవుతుందిలే అని వెనకవైపు కింద, నట్టనడుమ తడి చేసి గుద్దేశా. రాత్రి పన్నెండున్నర, ట్యూబులైటు వెలుతురులో బాగానే కనబడింది. గిఫ్టు కవరులో పెట్టేశా.

అక్కడ జరిగింది వినండి. పాలు పొంగించారు, వ్రతం అయింది, అందరూ భోజనాలకు లేస్తున్నారు. చెల్లె పర్సు తీసి అందరికీ చూపిస్తోంది. చిన్నమ్మ దాన్ని తిప్పి, వెలుతురుకి పట్టుకుని, కళ్లజోడు పైకి నెట్టి, గట్టిగా చదివింది.

“ఏందిరా, ‘చేటు’ అని గుద్దినవ్? కొత్తింట్లకు తెచ్చే మాటనా ఇది?”

పదిమందీ ఒక్కసారి నావైపు చూశారు. నేను లాక్కుని చూశా. నిజంగానే ‘చేటు’. ‘చే’ లోతుగా ఉంది. ‘టు’ లోతుగా ఉంది. మధ్యలో ‘కు’ ఉండాల్సిన చోట చిన్న మరక లాంటిది, వెతికితే తప్ప కనబడదు. ట కింద ఒత్తు ముద్దయిపోయి, ఎవరో గోరుతో నొక్కిన చుక్కలా ఉంది. మా మేనల్లుడు రెండో తరగతి, వాడు ఇంకో అడుగు ముందుకేసి “చేట” అన్నాడు. అందరూ నవ్వారు కాబట్టి బతికిపోయా. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. పర్సు దేవుడి గదిలో ఉంటే తీయించింది.

ఇంటికొచ్చి ఒక పాత ముక్క మీద రెండు వరసల తోలు అతికించి, మధ్య ఖాళీ వదిలి, పైనుంచి గుద్ది చూస్తే కారణం తేలిపోయింది. అటు చివర ‘చే’, ఇటు చివర ‘టు’ కింద అరల తాలూకు మూడు నాలుగు పొరలున్నాయి, గట్టిగా ఎదురు నిలిచాయి. ‘కు’ కింద ఏమీ లేదు, తోలు లోపలికి దిగిపోయింది, ఒత్తిడి అందలేదు. అంటే సగం తప్పు నాది, అచ్చుది కాదు. కానీ ఒత్తు సంగతి వేరు. బండమీద చదునుగా పెట్టి గుద్దినా, నాలుగింటిలో ఒకసారి ఆ ఒత్తు పూడుకుపోతోంది. లావు అక్షరం కావడంతో ట కడుపులోనూ, ఒత్తు కడుపులోనూ ఖాళీ అరమిల్లీమీటరు కూడా లేదు. తడి కాస్త ఎక్కువైతే ఆ ఖాళీలోని తోలు నిలబడదు, పక్కకు జారి చదునైపోతుంది. ఆర్నెల్లు నేను మెచ్చుకున్న పర్సులన్నీ తీసి భూతద్దంతో చూశా. పావువంతు వాటి మీద ‘చేకుటు’ అనే ఉంది. పేరు నాకు తెలుసు కాబట్టి నా కన్ను ఒత్తు కలిపేసుకుంది, అంతే.

ఇందులో నాకు ఇంకా మింగుడుపడని విషయం ఒకటుంది. మా ఆఫీసులో హుబ్బళ్లి నుంచి వచ్చిన కన్నడిగుడు ఒకాయన నా దగ్గర బెల్టు కొన్నాడు. చూడగానే తడబడకుండా “చేకుట్టు” అని సరిగ్గా చదివాడు. లిపి దగ్గరిది కదా, వాళ్లకూ ట కింద ఇలాంటి ఒత్తే ఉంది. మనవాళ్లు మాత్రం ‘చేకూటు’, ‘చాకుటు’ అని నానా రకాలుగా చదివారు.

రెండో అచ్చు చేయించాను. ఈసారి ఫాంటు జోలికి పోకుండా, తెల్లకాగితం మీద స్కెచ్చి పెన్నుతో నేనే రాశా. పైన ‘చే’, కింద ‘కుట్టు’, రెండు వరసలు. ఒత్తును అసలు అక్షరమంత పెద్దది చేసి, పైదానికి దూరంగా దించాను. ఒత్తు కొంచెం కుడివైపుకి జరిగింది. బడిలో రాస్తే మాస్టారు కొట్టేవారు. కానీ తోలు మీద చక్కగా కూర్చుంది. పూడుకోవడం దాదాపు ఆగిపోయింది. సుత్తి మానేసి చిన్న ఆర్బర్ ప్రెస్సు, అంటే పిడి లాగితే తిన్నగా కిందికి నొక్కే చేతి యంత్రం, కొన్నాక మరీ మెరుగు. అయితే ఆ ప్రెస్సు ఖరీదు అచ్చుకు మూడు రెట్లు. నెలకు పది పర్సులు చేసే నాలాంటివాడికి అది తగునా అంటే, మా ఆవిడ జవాబు వేరే ఉంటుంది.

మధ్యలో ఇంకో పిచ్చిపని చేశా. అచ్చుకు బిగించడానికి ఇనప పిడికి డ్రిల్లు చేసి, చేతులు తుడుచుకోకుండా తడి తోలు పట్టుకున్నా. తెల్లారేసరికి ఆవగింజల్లా నల్లచుక్కలు. చెట్టు బెరడుతో పదును చేసిన తోలుకు ఇనప రజను, నీళ్లు తగిలితే అంతే. కలంకారీలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమి పడగానే నల్లబడుతుంది కదా, అదే సంగతి. ఇత్తడితో ఆ బాధ లేదు. అచ్చు ఇత్తడిదే ఎందుకుండాలో అప్పుడు బుర్రకెక్కింది.

తడి విషయం మాత్రం ఎవరూ మాటల్లో నేర్పలేరు. స్పాంజితో తడిపి, తోలు రంగు మళ్లీ మామూలుకి దగ్గరయ్యేదాకా ఆగుతా. చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి, చేతికి నీరంటకూడదు. వానాకాలంలో పావుగంట టైముంటుంది. మే నెలలో హైదరాబాదులో ఫ్యాను ఆపకపోతే మూడు నిమిషాలు కూడా ఉండదు. క్రోమ్ ట్యాన్ తోలు (క్రోమియం ఉప్పుతో పదును చేసింది) వాడేవాళ్లు ఈ అచ్చు జోలికి పోకండి. గుద్దినప్పుడు కనబడుతుంది, ప్యాంటు జేబులో తిరిగాక కొన్నాళ్లకు చదునైపోతుంది. వాళ్లకు చిన్న తోలు ముక్క మీద గుద్ది లోపల కుట్టేయడమే మేలు.

ఇక “జన్మంతా పోదు” అన్న మాట. నా సొంత పర్సు వెనక జేబులో రెండేళ్లు నలిగింది. చెమట, కూర్చోవడం, ఏడాదికి రెండుసార్లు నూనె పట్టించడం. అక్షరాలున్నాయి కానీ అంచులు మెత్తబడ్డాయి. ముందు పోయింది మళ్లీ ఆ ఒత్తే. అందుకే ఇప్పుడు బయట వేయడం మానేశా. లోపల, కార్డుల అర మూత కింద, రాపిడి తగలని చోట వేస్తున్నా. దీనివల్ల ఇంకో లాభం కూడా ఉంది. గిఫ్టుగా కొనేవాళ్లలో కొందరు “పేరు లేకుండా ఇవ్వండి” అంటారు. లోపల ఉంటే ఎవరూ ఏమనరు. అయితే ఆ బట్టల షాపువాళ్లలాంటి వాళ్లు మళ్లీ తగిలితే, లోపల వేసిన ముద్ర ఎంతవరకు ఆపుతుందో అనుమానమే.

కొనమంటారా అంటే: మీ పేరులో ఒత్తు లేకపోతే కళ్లుమూసుకుని చేయించుకోండి. ఉంటే మీ చేత్తో మీరే రాసివ్వండి, అక్షరాన్ని కాస్త సాగదీయడానికి సిగ్గుపడకండి. అమ్మకాలు పెరిగాయా అంటే, నేను అమ్మేదే తక్కువ కాబట్టి తేడా తెలియలేదు. నాన్న ఇప్పటికీ పర్సు చేతికిస్తే ముద్ర వైపు చూడడు, కుట్టు మీదే వేలు పోనిస్తాడు.

చెల్లెకు వేరే పర్సు చేసిస్తా, అది ఇచ్చెయ్ అని ఎన్నిసార్లు అడిగానో. ఇవ్వలేదు. వాళ్లమ్మ గొడవ పడలేక, ఖాళీగా ఉన్న మధ్య చోట బాల్‌పెన్నుతో ‘కు’ రాసి, ట కింద ఒత్తు కూడా దిద్దుకుంది. మొన్న దసరాకు వెళ్లినప్పుడు చూశా. నా అచ్చు గుద్దిన ‘చే’, ‘టు’ పల్చబడ్డాయి. దాని పెన్ను గీతలు మాత్రం తోలులోకి ఇంకిపోయి అలాగే ఉన్నాయి.