ముఖం చూసి బొట్టు పెట్టే బటన్: ‘గెట్ లేటెస్ట్ ప్రైస్’తో ఆరేళ్లు

మిషన్లు అమ్మే సైట్లలో ఫొటో కింద ధర ఉండాల్సిన చోట ‘గెట్ లేటెస్ట్ ప్రైస్’ అనే ఈ బటన్ ఉంటుంది. సైటు ఎలా ఉంటుంది, యాప్‌లో ఏమేం ఉంటాయి అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. చిన్న ఫుడ్ యూనిట్లకి పల్వరైజర్లు (పొడి కొట్టే మరలు), ప్యాకింగ్ మిషన్లు, మోటార్లు కొనే పనిలో ఆరేళ్లుగా నొక్కుతున్న బటన్ ఇది. దీనిమీద మొదటి కోపం ఇది. ధర చెప్పకముందే ఫోన్ నంబర్ అడుగుతుంది.

మీరు నొక్కేది ఒక అమ్మకందారు పెట్టిన ఫొటో కింద. ఆ నంబర్ మాత్రం ‘లీడ్’ (కొనే ఆసక్తి ఉన్నవాళ్ల వివరాలు) అయిపోయి, సైటుకి చందా కట్టిన మరికొందరి చేతికి కూడా వెళ్తుంది. లీడ్ తీసుకున్న ప్రతివాడికీ సైటులోని తన ఖాతాలో క్రెడిట్ ఖర్చవుతుంది కాబట్టి ముందు ఫోన్ చేసినవాడిదే బేరం అన్న తొందర. పది నిమిషాల్లో మొదటి కాల్ వస్తుంది, సాయంత్రానికి ఎనిమిదో తొమ్మిదో అవుతాయి. అమ్మకాల కాల్స్ వద్దని 1909కి చెప్పి డీఎన్‌డీ పెట్టుకున్నా ఇవి ఆగలేదు. చేసేది మామూలు పదంకెల నంబర్ల నుంచి, పైగా అడిగింది మనమేనని వాళ్ల దగ్గర రికార్డుంటుంది. ధర పేజీలోనే కనిపిస్తే ఈ బటన్ నొక్కేవాళ్లెంతమంది? లీడ్లు అమ్ముకుని బతికే సైటుకి ధర దాచడమే వ్యాపారం.

కొందరు ధర వేస్తారు, అదింకో తమాషా. ‘తక్కువ ధర ముందు’ అని వరస పెడితే పైన రావడానికి ఒక్క రూపాయి అని రాస్తారు. లేదా ఫొటో 10 హెచ్‌పీ మిషన్‌ది, ధర 2 హెచ్‌పీది.

అసలు దెబ్బ ఒక పల్వరైజర్ దగ్గర తగిలింది. కారం, పసుపు పట్టడానికి 5 హెచ్‌పీ, స్టీలు బాడీ. ఫోన్‌లో చెప్పింది 58,000. కొటేషన్ వచ్చాక చదివితే ఆ 58,000 వాళ్ల ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధర. ప్యాకింగ్, ఫార్వర్డింగ్ 2 శాతం, అంటే 1,160. ఆ మొత్తం మీద వాళ్లు వేసిన జీఎస్టీ 18 శాతం, 10,648 రూపాయల 80 పైసలు. అక్కడికి 69,808 దాటింది. కింద చిన్న అక్షరాల్లో ‘మోటారు లేకుండా’. త్రీఫేజ్ మోటారు పన్నుతో కలిపి 17,700. లారీ కిరాయి ‘టు పే’, అంటే సరుకు దింపుకునేటప్పుడు మనం కట్టేది, 2,800. మొత్తం 90,308. స్టార్టరు, బెల్టులు, అదనపు జల్లెడలు ఇందులో లేవు. జల్లెడ ఒక్కటే ఇస్తారు. కారానికి వాడే జల్లెడ పసుపుకి, పిండికి కుదరదు కాబట్టి అవీ కొనాల్సిందే.

ఇంతవరకూ అజాగ్రత్త నాదేనని సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది తర్వాతది. అదే వారంలో అదే అమ్మకందారుకి, అదే మోడల్‌కి, జీఎస్టీ నంబర్ ఉన్న పాత షాపు పేరుతో ఇంకో ఎంక్వైరీ వెళ్లింది, ‘మూడు కొటేషన్లు చేతిలో ఉన్నాయి’ అన్న ఒక్క వాక్యం అదనంగా. ఈసారి మిషన్ ధర 51,500. మోటారు లేకుండానే, షరతులన్నీ అవే. తేడా 6,500. ఫోన్‌లో మొదటి ప్రశ్నలు ‘ఏ ఊరండీ’, ‘కొత్తగా పెడుతున్నారా’, ‘బడ్జెట్ ఎంత అనుకుంటున్నారు’ అని ఎందుకుంటాయో అప్పుడు అర్థమైంది. ఆ మూడింటికీ జవాబు చెప్పేదాకా ధర పుట్టదు. కొత్తగా పెడుతున్నానంటే ఎక్కువకే పుడుతుంది.

నిజమైన కారణాలు లేవనను. స్టీలు, రాగి రేట్లు కదులుతుంటాయి, అందుకే కొటేషన్ మీద 7 రోజులో 15 రోజులో గడువు రాస్తారు. తయారీదారు తన సైటులో ధర పెడితే ఊళ్లో డీలరు దగ్గరికి ఎవరూ వెళ్లరు, వాళ్లకి ఆ భయం ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు కొన్ని వస్తువులకి ‘కార్ట్‌లో వేస్తేనే ధర’ అని చూసే ఉంటారు. కంపెనీ అక్కడ ఇంతకన్నా తక్కువని ప్రకటించొద్దంటుంది, అమ్మొద్దనదు, అందుకే ఆ దాగుడుమూతలు. మన పల్వరైజర్ కథ వేరు.

మొదటి రెండేళ్లు ఈ బటన్‌ని మెచ్చుకుంటూ తిరిగాను కూడా. ఒక సేల్స్ మనిషి ఫోన్‌లో కరెంటు కనెక్షన్ గురించి అడిగి, సింగిల్ ఫేజ్ మీద 5 హెచ్‌పీ లాగదు, 3 హెచ్‌పీ తీసుకోండని ఆపాడు. ధర కనిపించే సైటులో అయితే ఆ ఆర్డరు వెళ్లిపోయేది. ఆ మెప్పు ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కాకపోతే ఆయన ఆ 3 హెచ్‌పీకి చెప్పిన ధర సికింద్రాబాద్‌లో మిషన్ల దుకాణాలుండే రాణిగంజ్‌లో చేత్తో పట్టుకుని చూసి కొనేదానికన్నా ఎక్కువే.

చట్టం అడ్డుకోదా అంటే, సగమే. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం మార్కెట్‌ప్లేస్‌లో అమ్మేవాళ్లు అన్ని చార్జీలతో కలిపి మొత్తం ధర ఒకే అంకెగా చూపాలి. అది వినియోగదారుడికి ఉన్న రక్షణ. వ్యాపారం కోసం కొంటే 2019 చట్టంలో మీరు వినియోగదారుడు కారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్నవాళ్లకి మాత్రం మినహాయింపుంది, ఇంట్లో కారం పట్టి అమ్ముకునేవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ వేయాలన్న 2011 నిబంధనలూ పరిశ్రమల కోసం అమ్మే ప్యాకెట్లకి వర్తించవు.

ఇప్పుడు ఎలా వాడుతున్నానంటే, ఎంక్వైరీలకి వేరే సిమ్. ఫోన్‌లో ధర వినను, వాట్సాప్‌లో ఒకే మెసేజ్ పంపుతాను: గంటకి ఎన్ని కిలోలు, సింగిల్ ఫేజా త్రీఫేజా, సరుకు తగిలే భాగాలు ఏ గ్రేడు, మోటారు, స్టార్టరు, బెల్టు, జల్లెడలు ఏవేవి కలిసి, మా ఊరికి చేర్చే ధర ఎంత. గ్రేడు అడక్కపోతే ‘ఎస్ఎస్’ (స్టెయిన్‌లెస్ స్టీలు) అని మాత్రమే రాసి, 304 కన్నా చవక రకమైన 202 పంపేవాళ్లున్నారు. అయస్కాంతం పెడితే 202, 304 తేడా తెలియదు, రెండూ పెద్దగా అతుక్కోవు. 304 అని బిల్లులోనే రాయించాలి. అడ్వాన్సు కట్టేముందు ఇవన్నీ ఉన్న ముందస్తు బిల్లు, అంటే ప్రొఫార్మా ఇన్‌వాయిస్ తెప్పించుకుంటాను. ఇంత రాస్తే సగంమంది జవాబివ్వరు. ఇచ్చినవాళ్ల ధరల్లో తేడా తక్కువ.

ఏడాదికి పది మిషన్లు కొనేవాళ్లకి, గుజరాత్, కోయంబత్తూరు తయారీదారుల పేర్లు పట్టుకోవడానికి ఈ బటన్ పనికొస్తుంది, నేనూ మానలేదు. జీవితంలో ఒక్క మర కొనేవాళ్లు, రాణిగంజో విజయవాడ ఆటోనగరో బస్సు దూరంలో ఉంటే, ముందు అక్కడికి వెళ్లి రేటు కనుక్కొచ్చి, నొక్కాలనిపిస్తే అప్పుడు నొక్కండి. మారుమూల ఉన్నవాళ్లకి ఏం చెప్పాలో నాకూ తోచడం లేదు. సిమ్ మాత్రం వేరేది పెట్టుకోండి.