సొంతంగా పుస్తకం వేసుకోడానికి కిక్‌స్టార్టర్ వాడాను, నా రివ్యూ

నా మొదటి కథల పుస్తకం నేనే అచ్చేయించుకుందామని కిక్‌స్టార్టర్‌లో (మన ప్రాజెక్టుకి జనం దగ్గర ముందుగానే డబ్బు పోగుచేసుకునే వెబ్‌సైట్) క్యాంపెయిన్ పెట్టా, కాపీలన్నీ పోస్ట్ చేసేశాక ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. ముందే చెప్తున్నా, నాకు బాగా నచ్చింది, ఇంకో పుస్తకం వేసినా ఇక్కడికే వస్తా.

నచ్చడానికి అసలు కారణం వాళ్ళ ఆల్ ఆర్ నథింగ్ పద్ధతి. మనం పెట్టుకున్న టార్గెట్ గడువులోగా చేరితేనే డబ్బులు, లేదంటే ఎవరి కార్డులోంచీ ఏమీ కట్ అవదు. చాలామంది ఇది చూసి భయపడి, ఎంతొస్తే అంత చేతికిచ్చే సైట్లకి పోతారు. పుస్తకానికి మాత్రం ఇదే కరెక్ట్, ఎందుకంటే సగం డబ్బుతో సగం పుస్తకం అచ్చేయలేం కదా, డబ్బు కట్టిన ప్రతి ఒక్కరికీ కాపీ ఇస్తానని మాటిచ్చాం, ఆ మిగతా సగం మన జేబులోంచి పడుతుంది. గడువు 60 రోజుల దాకా పెట్టుకోవచ్చు గానీ నేను 30 పెట్టా, అదే చాలు. మొదటి మూడు రోజులు, చివరి రెండు రోజులు బాగా వచ్చాయి, మధ్యలో మాత్రం పొద్దున లేవగానే చూస్తే రాత్రి ఉన్న నంబరే ఉండేది, ఆ రోజులు చాలా కష్టంగా గడిచాయి.

సైటే జనాన్ని తెస్తుందని మాత్రం అనుకోకండి. 2022లో అమెరికన్ ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ తన నవలలకి ఇక్కడే 4 కోట్ల డాలర్ల పైన రాబట్టాడు, కానీ ఆయనకి అప్పటికే ప్రపంచమంతా పాఠకులున్నారు. నాకు డబ్బు కట్టినవాళ్ళలో ఎక్కువమంది నా కథలు ముందునుంచీ చదువుతున్నవాళ్ళే.

లెక్క విషయానికొస్తే, టార్గెట్ చేరితే వాళ్ళ కమిషన్ 5 శాతం, కార్డు ప్రాసెసింగ్‌కి ఇంకో 3 శాతం దాకా, దానిమీద ఒక్కో పేమెంట్‌కి కొంచెం. కొన్ని కార్డులు ఫెయిలవుతాయి, సరిచేసుకోమని 7 రోజులు టైమిస్తారు, అయినా కొందరివి రానే రావు. అందుకే 10 శాతం పోతుందనుకుని టార్గెట్ వేసుకోండి, లాంచ్ అయ్యాక దాన్ని మార్చడం కుదరదు. డబ్బు అకౌంట్‌లో పడటానికి ఇంచుమించు రెండు వారాలు, ప్రెస్‌కి అడ్వాన్స్ ఎప్పుడిస్తారో దాన్నిబట్టి చూసుకోండి.

నేను దెబ్బతిన్నది పోస్టేజ్ దగ్గర, తప్పు పూర్తిగా నాదే. శాంపిల్ కాపీని వంటింటి త్రాసు మీద పెట్టి ఆ బరువే రాసుకున్నా. తీరా అట్ట కవరు, బబుల్ రాపర్, టేపు కలిపేసరికి ప్రతి పార్సిలూ ఎక్కువ చార్జీ పడే పై బరువు స్లాబ్‌లోకి పోయింది, మిగులుతుందనుకున్నదంతా అక్కడే అయిపోయింది. ఫుల్‌గా ప్యాక్ చేసి, టేపేసి, అడ్రస్ కూడా అంటించాకే తూచండి.

ప్రెస్‌లో మూడు వారాలు లేటైంది. నాకు చేతులు వణికాయి గానీ డబ్బు కట్టినవాళ్ళకి పంపే అప్‌డేట్స్‌లో ఉన్నదున్నట్టు రాసేశా, బైండింగ్ దశలో ఉన్న ఫారాల (అచ్చయి మడతపెట్టిన పేజీల) ఫోటో కూడా పెట్టా. ఒక్కరు కూడా డబ్బు వెనక్కి అడగలేదు, ఒకావిడైతే 'తొందరేం లేదండీ, కుట్టు గట్టిగా వేయించండి చాలు' అని రాశారు.