అంతర్వేదికి కారులో: వెళ్లేటప్పుడు పంటు, వచ్చేటప్పుడు వంతెన

భీష్మ ఏకాదశి ఉత్సవాల రద్దీ తగ్గాక అమ్మను అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి గుడికి తీసుకెళ్లాం. నరసాపురం నుంచి కారుకు రెండు దారులు. రేవులో పంటు ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటితే ఎదురుగానే సఖినేటిపల్లి. లేదా పాలకొల్లు, చించినాడ వంతెన, దిండి, మలికిపురం మీదుగా ముప్పై కిలోమీటర్లకు పైగా చుట్టు. అమ్మ పంటే కావాలంది.

రెండు పడవలు జతచేసి పైన బల్ల పరిస్తే అదే పంటు. రేవు వాలులో కారు దించుతుంటే నాకు ఒకటే టెన్షన్. ముందు చక్రాలు బల్ల మీదికి ఎక్కగానే పంటు కాస్త కిందికి దిగింది. "ఆయ్, వచ్చేయండి, స్టీరింగు తిప్పకండి" అంటూ ఓ కుర్రాడు వెనక్కి నడుస్తూ దారి చూపించాడు. హ్యాండ్ బ్రేకు వేశాక చక్రాల కింద చెక్కముక్కలు దోపి, కాలితో తన్ని చూసుకున్నాడు. ఆ పనితనం చూశాకే నాకు ధైర్యం వచ్చింది. నది దాటడానికి పావుగంట కూడా పట్టలేదు, అంతకుముందు ఎండలో ముప్పావుగంట ఎదురుచూశాం.

పంటు మీద అరటిగెలలతో ఉన్న ఒకావిడ అమ్మతో మాటలు కలిపింది. కోడలికి అర్ధరాత్రి నొప్పులొస్తే, ఆ వేళకి పంటు లేక, నరసాపురం ఆసుపత్రికి చించినాడ మీదుగా తీసుకెళ్లారట. "ఎదురుగా దీపాలు కనపడతానే ఉన్నాయమ్మా" అంది. వరదల్లో అయితే పగలు కూడా పంటు ఆపేస్తారు. ఇక్కడ వంతెన మాట దశాబ్దాల నాటిది. శంకుస్థాపనలూ జరిగాయి, వంతెన మాత్రం రాలేదు.

యానాం, ఎదుర్లంక మధ్య గోదావరి మరో పాయ గౌతమి మీద కూడా ఒకప్పుడు పంటే దిక్కు. చిన్నప్పుడు నాన్న స్కూటర్ మీద కాకినాడ వెళ్తూ ఆ రేవులో గంటలు కూర్చున్నాం. 2002లో బాలయోగి వారధి వచ్చాక అమలాపురం వాళ్లకి కాకినాడ దగ్గరైపోయింది. పంటు ప్రయాణం అందంగా ఉంటుంది, నిజమే. కానీ మనబోటి యాత్రికుల ముచ్చట కోసం వంతెన వద్దనకూడదు. వచ్చాక ఆ కుర్రాడి లాంటి వాళ్లకి వేరే పని చూపించాలి, అది కూడా వంతెన ఖర్చులో భాగమే అనుకోవాలి.

అంతర్వేదిలో దర్శనం ప్రశాంతంగా అయ్యింది. సాగరసంగమం దగ్గర అన్నాచెల్లెళ్ల గట్టుకి పొద్దున్నే వెళ్లండి, ఎండెక్కితే ఇసుకలో పెద్దవాళ్లు నడవలేరు. రాత్రికి ఒక ప్రైవేటు లాడ్జిలో దిగాం. బాత్రూంలో నీళ్లు రాక బకెట్లు మోయించుకున్నాం. మళ్లీ వెళ్తే దిండిలోనే ఉంటాను. అక్కడ నది ఒడ్డునే పర్యాటక శాఖ రిసార్టు ఉంది, హౌస్‌బోట్లు ఉన్నాయి. దర్శనం చూసుకుని సాయంత్రానికి తిరిగొచ్చేయవచ్చు.

మర్నాడు బయల్దేరేసరికి ఆలస్యమైంది. దిండి దగ్గర బొండాలు తాగి చించినాడ వంతెన ఎక్కేటప్పటికి చీకటి పడింది. రెండు నిమిషాల్లో అవతల ఉన్నాం. "ఆ పిల్లని ఇదే దారిన తెచ్చుంటారు" అంది అమ్మ, వెనక్కి తిరిగి చూస్తూ.