కాగితం బరువు తెలిసిన బైండింగ్ షాపు

నల్లగొండ క్లాక్ టవర్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక సందులో రెండు మెట్లు దిగితే ఈ షాపు వస్తుంది. బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి. కటింగ్ మిషన్ చప్పుడు, మైదా జిగురు వాసన పట్టుకుని వెళ్లాలి. ప్రింటు, బైండింగు రెండూ అక్కడే చేస్తారు.

నేను ఇచ్చిన పని 612 పేజీలు. అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రంలో 1878లో జరిగిన ఎన్నికల అక్రమాలపై అమెరికా సెనేట్ కమిటీ నమోదు చేసిన సాక్ష్యాలు అవి. సాంఘిక శాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎన్నికల డ్యూటీ చేశాను. ఫోను తెర మీద చదివితే కళ్లు మంటలు, అందుకే పుస్తకంగా కట్టించాలనుకున్నాను.

మొదట వేరే చోట అడిగితే పేజీలు కూడా చూడకుండా స్పైరల్ వేసేద్దామన్నారు. ఇక్కడి యజమాని నాలుగు రకాల కాగితాలు నా చేతికిచ్చి, "మేడమ్, వేళ్లతో చూడండి" అన్నాడు. 70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో ఆ లెక్క) అయితే వెనక అక్షరం కనిపిస్తుందని, 600 పైన పేజీలకు 100 జీఎస్ఎం వాడితే పుస్తకం ఒడిలో నిలవదని చెప్పి, 80 జీఎస్ఎం మ్యాప్‌లిథో అనే ప్రింటింగ్ కాగితం ఖాయం చేశాడు. ఖర్చు పెంచే కాగితాన్ని తానే వద్దన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు నమ్మకం కుదిరింది.

వేళ్లతో కాగితం తూకం చూడడమంటే ఏమిటో, నేను కట్టించుకున్న ఆ కాగితాల్లోనే ఉంది. ఆ రోజుల్లో అక్కడ బ్యాలెట్లు ప్రభుత్వం ముద్రించేది కాదు, ఏ పార్టీ చీటీలు ఆ పార్టీయే అచ్చు వేయించుకునేది. 1878లో డెమోక్రాట్లు పల్చటి టిష్యూ కాగితం మీద చిన్న చీటీలు వేయించారు. పెద్ద చీటీ మడతలో వాటిని దాచి పెట్టెలో వేసేవారు. పెట్టెను కుదిపితే అన్నీ విడిపోయేవి. లెక్కలో ఓటర్ల కంటే ఓట్లు ఎక్కువ తేలితే, చట్టం ప్రకారం అన్నీ మళ్లీ పెట్టెలో వేసి, ఒకరు చూడకుండా చేయి పెట్టి, ఎక్కువైనన్ని చీటీలు తీసి పారేయాలి. కళ్లకు గంతలు కట్టవచ్చు, వేళ్లకు కట్టలేరు కదా! మందంగా తగిలిన రిపబ్లికన్ చీటీలు బయటికి వచ్చేవి, టిష్యూ చీటీలు లోపలే ఉండిపోయేవి.

ఇది చెబుతుంటే యజమాని పని ఆపి విన్నాడు. పెళ్లి ఆల్బమ్‌లకు వాడే బటర్ పేపర్ ముక్కలు ఐదు కత్తిరించి, ఒక మామూలు కాగితం మడతలో పెట్టి, ఖాళీ అట్టపెట్టెలో వేసి ఊపాడు. ఐదూ రాలిపోయాయి. తర్వాత నన్ను కళ్లు మూసుకుని తీయమన్నాడు. మందం కాగితం మొదటిసారికే చేతికి వచ్చింది. ఎన్నాళ్లుగానో చదువుతున్న సంగతి నాకు ఆ నిమిషంలో అర్థమైంది.

ఆ చీటీలతో తుడిచిపెట్టింది ఎవరినో కూడా చెప్పాలి. 1870 లెక్కల్లో ఆ రాష్ట్ర జనాభా 7,05,606. అందులో 4,15,814 మంది నల్లజాతివారు, చాలామంది కొన్నేళ్ల కిందటి వరకు బానిసలు. వారిలో ఎక్కువమంది రిపబ్లికన్లకే ఓటు వేసేవారు. ఓటు మగవారికే ఉండేది. బానిసగా పుట్టి, మంగలి పని చేసి బతికిన జోసెఫ్ రైనీ 1870 డిసెంబర్ 12న అమెరికా ప్రతినిధుల సభలో తొలి నల్లజాతి సభ్యుడిగా ప్రమాణం చేశాడు. 1873లో కొలువైన ఆ సభలో ఆ రాష్ట్రానికి ఉన్న ఐదు స్థానాల్లో నలుగురు నల్లజాతివారే: రైనీ, ఇలియట్, రాన్సియర్, కేన్. 1876లో డెమోక్రాట్ల పక్షాన ఎర్రచొక్కాల దళాలు తుపాకులతో ఊరేగాయి. 1877 ఏప్రిల్‌లో రాష్ట్ర రాజధాని కొలంబియాలోని శాసనసభ భవనం నుంచి, రిపబ్లికన్ ప్రభుత్వానికి అండగా ఉన్న కేంద్ర సైన్యాన్ని తీసేశారు. మరుసటి ఏడాదే రైనీ, మరో నల్లజాతి సభ్యుడు రాబర్ట్ స్మాల్స్ ఇద్దరూ ఓడారు. స్మాల్స్ తర్వాత మళ్లీ గెలిచాడు గానీ, 1897 తరువాత ఆ రాష్ట్రం నుంచి నల్లజాతి సభ్యుడు ప్రతినిధుల సభకు వెళ్లింది 1993లోనే.

1882లో తెచ్చిన ఎనిమిది పెట్టెల చట్టం గురించి కూడా మాట్లాడుకున్నాం. ఒక్కో పదవికి ఒక్కో పెట్టె. పేరు చదివి సరైన దానిలో వేయకపోతే ఓటు చెల్లదు. చదువు రానివారిని ఆపడానికే పెట్టారు. మా అమ్మ 1952లో మొదటిసారి ఓటు వేసినప్పుడు ఇక్కడా చాలా పెట్టెలే ఉన్నాయి. అయితే అభ్యర్థికొక పెట్టె, దాని మీద గుర్తు. అక్షరం రాని మా అమ్మ తన పెట్టె తానే వెతుక్కుంది. రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో నల్లగొండలో గెలిచిన ఎన్నిక అదే. పెట్టెలు అక్కడా ఇక్కడా ఒకటే, పెట్టినవారి ఉద్దేశం వేరు. ఇది తలచుకున్నప్పుడల్లా నా గొంతు పూడుకుపోతుంది.

1996లో నేను పోలింగ్ అధికారిగా కూర్చున్నాను. ఫ్లోరైడ్ నీటి బాధ దేశానికి తెలియాలని నామినేషన్లు వేసినవారితో కలిపి నల్లగొండలో 480 మంది అభ్యర్థులు. బ్యాలెట్టు పుస్తకమంత ఉంది. మోకాళ్లు వంగిపోయిన ఒక పెద్దమ్మ గోడ పట్టుకుని నిలబడి, తన గుర్తు దొరికేదాకా ఓపికగా పేజీలు తిప్పింది. యజమాని అప్పుడు చిన్నవాడట. ఆ బ్యాలెట్టు గురించి వాళ్ల నాన్న చెప్పిన సంగతులు గుర్తుచేసుకున్నాడు.

ఇక పని సంగతి. దారంతో కుట్టిన బైండింగు, వీపుకు క్యాలికో గుడ్డ, ముదురు ఆకుపచ్చ రెక్సిన్ అట్ట. మధ్యలో తెరిచి బల్ల మీద పెడితే చేయి ఆనించకుండానే నిలుస్తుంది. ఆ రాష్ట్రంలోని ఎడ్జ్‌ఫీల్డ్, చార్ల్‌స్టన్ కౌంటీలు (మన జిల్లాల్లాంటివి) చూపే రంగుల పటాన్ని మడత పెట్టి చక్కగా అతికించాడు.

లోపాలు లేకపోలేదు. నాలుగు రోజులన్న పనికి పదకొండు రోజులు పట్టింది, స్కూలు రికార్డుల సీజన్ అన్నారు. ఒక్కసారైనా ఫోను చేసి చెప్పి ఉండాల్సింది. కుర్రవాడు కటింగ్ మిషన్‌లో అంచు ఎక్కువ కోయడంతో దాదాపు నలభై పేజీల్లో పేజీ నంబర్లు పోయాయి. సాక్ష్యాల పుస్తకానికి నంబరు లేకపోతే వెనక్కి వెళ్లి చూసుకోలేం. చూపించగానే యజమాని వాదించకుండా ఆ పేజీలు మళ్లీ ప్రింటు తీసి, కుట్టు విప్పి, డబ్బు అడగకుండా తిరిగి కుట్టాడు. ప్రింటుతో కలిపి మొత్తం 1,150 రూపాయలు తీసుకున్నాడు.

వెళ్లేవారు ఉదయం పదకొండు లోపు వెళ్లండి, యజమాని తానే కూర్చుంటాడు. స్మాల్స్ గెలుపును సవాలు చేసిన వివాదం కాగితాలు నిన్న ఇచ్చి వచ్చాను. అంచు ముప్పావు అంగుళం వదలమని మొదటి పేజీ మీదే ఎర్ర పెన్నుతో రాశాను.