కాళ్ల దగ్గర కర్రలు, కళ్ల ముందు గురి

గోల్ఫ్ కోసం నేను కొన్నవాటిలో అన్నిటికన్నా చవక ఈ రెండు కర్రలే. నేల మీద పెట్టి గురి సరిచూసుకోవడానికి వాడే వీటిని అలైన్‌మెంట్ స్టిక్స్ అంటారు. ఒక్కోటి 48 అంగుళాల పొడవు, చిటికెన వేలికన్నా సన్నం, దూరం నుంచి కూడా కొట్టొచ్చినట్టు కనిపించే నారింజ రంగు ఫైబర్‌గ్లాస్. ఇన్నేళ్లలో బంతిని కొట్టే క్లబ్బుల్లో డ్రైవర్ మారింది, ఐరన్స్ మారాయి, చివరికి బ్యాగే మారిపోయింది. ఇవి మాత్రం పాత బ్యాగులోంచి కొత్త బ్యాగులోకి వచ్చేశాయి. కొనమంటారా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తాను, కొనండి. కాకపోతే ప్రాక్టీసులో మొదటి పది పదిహేను బంతులకి వాడి పక్కన పెట్టేయండి. గంటసేపు వాటి పక్కనే నిలబడి కొట్టేవాళ్లకి లాభం కన్నా నష్టమే ఎక్కువని నా అభిప్రాయం.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. గోల్ఫ్ నేర్పే ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడికి తెచ్చుకుంది. ఊళ్లో తెలుగువాళ్ల సంగతి వేరే చెప్పక్కర్లేదు. శనివారం పొద్దున్నే బంతులు కొట్టి ప్రాక్టీస్ చేసే డ్రైవింగ్ రేంజికి వెళ్తే పక్క మ్యాట్ మీంచి "అబ్బా, మళ్లీ స్లైసే" అన్న మాట వినపడుతూనే ఉంటుంది. ఆ స్లైస్ (బంతి గాల్లో కుడికి వంగిపోవడం) వచ్చినప్పుడల్లా అందరూ మణికట్టునీ, మోచేతినీ, గ్రిప్‌నీ తిట్టుకుంటారు. పాదాలు ఎటు చూస్తున్నాయో చూసుకునేవాళ్లు తక్కువ.

ఈ ఆటలో అసలు చిక్కు అక్కడే ఉంది. బాస్కెట్‌బాల్ వేసేవాడు బుట్టకి ఎదురుగా నిలబడతాడు. గోల్ఫ్‌లో పక్కకి తిరిగి నిలబడాలి. బంతి కాళ్లకి కాస్త అవతల నేల మీద ఉంటుంది, తల దాని వైపు వంగి ఉంటుంది, కొట్టాల్సిన చోటేమో ఎడమ భుజం అవతల 150 గజాల దూరాన ఉంటుంది. బంతి హోల్ దగ్గర పాతిన జెండా వైపు పోవాలంటే క్లబ్ ఫేస్, అంటే బంతికి తగిలే దాని ముఖం, జెండాని చూడాలి. పాదాలు, తుంటి, భుజాలు మాత్రం ఆ గీతకి సమాంతరంగా, అంటే జెండాకి ఒకింత ఎడమగా చూడాలి. (ఎడమచేతి వాటం వాళ్లు నేను చెప్పేదంతా తిప్పి చదువుకోవాలి.) మెదడుకి ఈ ఏర్పాటు నచ్చదు. భుజాన్ని తిన్నగా జెండాకే గురిపెడుతుంది, దాంతో క్లబ్ కుడికి చూస్తుంది. అది తప్పు దిక్కని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంటుంది కాబట్టి, స్వింగ్ కిందికి వచ్చేటప్పుడు చేతులు క్లబ్‌ని ఎడమకి లాగేస్తాయి. ఇక ఒకసారి పుల్ (బంతి తిన్నగా ఎడమకి పోవడం), ఇంకోసారి స్లైస్. స్వింగ్ బాగాలేదని డబ్బు పోసి నేర్చుకునే పాఠాల్లో చాలావాటికి మూలం నిలబడటంలోనే ఉంటుంది.

లెక్క చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఒక్క డిగ్రీ తేడా 150 గజాల దగ్గరికి వచ్చేసరికి దాదాపు 8 అడుగులవుతుంది. ఐదు డిగ్రీలైతే 13 గజాలు, అంటే గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మధ్యకని కొట్టిన బంతి బంకర్లో, ఇసుక గుంటలో తేలుతుంది. ఐదు డిగ్రీలు పక్కకి తిరిగి నిలబడినా నిలబడ్డవాడికి ఏమీ తెలీదు, అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. కర్ర వేసి, వెనక్కి వెళ్లి చూస్తేనే బయటపడుతుంది.

నేను వేసే పద్ధతి చెప్తాను. ముందు బంతి వెనక నాలుగైదు అడుగులు దూరంగా నిలబడి లక్ష్యాన్ని చూస్తాను. ఒక కర్రని బంతికి అవతలి పక్కన, క్లబ్‌కి తగలనంత ఎడంగా, లక్ష్యం వైపు తిప్పి పెడతాను. మళ్లీ వెనక్కి వెళ్లి సరిచేస్తాను. బంతి పక్కన నిలబడి సరిచేస్తే పనికిరాదు, ఆ కోణంలోంచి కళ్లు మోసం చేస్తాయి. రెండో కర్ర కాలివేళ్ల ముందు, మొదటిదానికి సమాంతరంగా. ఇక నిలబడేటప్పుడు ముందు క్లబ్ ఫేస్, ఆ తర్వాతే కాళ్లు. ఈ వరస ముఖ్యం. బంతి మొదట ఎటు బయలుదేరుతుందో చాలావరకు తేల్చేది తగిలే క్షణంలో క్లబ్ ఫేస్ చూసే దిక్కే. కాళ్లు ముందు పెట్టి ఫేస్‌ని తర్వాత సర్దుకోవడం తలకిందుల పని.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. పాదాలు కర్రకి చక్కగా ఆనుతాయి, భుజాలు మాత్రం వాటి దారిన అవి పోతాయి. అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ డ్రైవర్‌తో ఇది మరీ ఎక్కువ. బంతి ఎడమ మడమకి ఎదురుగా ఉంటుంది కాబట్టి దాన్ని అందుకోవడానికి భుజాలు తెలియకుండానే ఎడమకి తెరుచుకుంటాయి. అందుకని కాళ్ల దగ్గరి కర్ర తీసి ఛాతీకి అడ్డంగా పట్టుకుని అది ఎటు చూపిస్తోందో చూసుకోవాలి. నా ఆటకి బాగా పనికొచ్చిన చెకప్ ఇదే. పాదాల సంగతి తర్వాతర్వాత దానంతట అదే కుదిరింది, భుజాలని మాత్రం ఇప్పటికీ కర్ర పెట్టి చూడాల్సిందే.

రేంజి మ్యాట్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. మ్యాట్ నలుచదరంగా ఉంటుంది, దాని అంచు కూడా ఒక కర్రే. మనకి తెలియకుండానే ఆ అంచుకి సరిగ్గా నిలబడతాం, బంతులు తిన్నగా పోతుంటాయి, ఆహా అనుకుంటాం. అసలు ఆట ఆడే కోర్సుకి వెళ్లాక అక్కడ అంచూ లేదు, గీతా లేదు. పైగా టీ బాక్సులు (ప్రతి హోల్‌కి మొదటి దెబ్బ కొట్టే చోట్లు) ఎప్పుడూ ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన దారి) మధ్యకే చూస్తాయన్న నమ్మకం లేదు. కొన్ని చెట్లకేసి, కొన్ని పక్కనున్న ఇళ్ల కప్పులకేసి చూస్తుంటాయి. ఆ చోటి హద్దు చూపే టీ మార్కర్లకి సరిగ్గా నిలబడితే బంతి ఆ ఇళ్లలోకే. అందుకే రేంజిలో మ్యాట్‌కి కాస్త అడ్డదిడ్డంగా, మూలగా ఉన్న లక్ష్యాన్ని ఎంచుకుని కర్రలు వేస్తాను. మొదట్లో ఒళ్లంతా వంకరగా అనిపిస్తుంది. కోర్సులో పనికొచ్చే అభ్యాసం మాత్రం అదే.

ఇక కర్రలు తీసేయమని ఎందుకంటున్నానో చెప్తాను. కర్ర కాళ్ల దగ్గర ఉన్నంతసేపూ మనసూ కాళ్ల దగ్గరే ఉంటుంది. పాదం సరిగ్గా ఉందా, మోకాలు ఎటుంది, తుంటి తిరిగిందా అని ఒళ్లంతా ఆడిట్ మొదలవుతుంది. జెండా ఉందన్న సంగతే గుర్తుండదు. ఏకాగ్రత అనగానే మనవాళ్లు ద్రోణుడి పరీక్షలో పక్షి కన్ను కథ చెప్తారు. నాకైతే గోల్ఫ్‌కి మత్స్యయంత్రమే దగ్గరగా కనిపిస్తుంది. అర్జునుడు కింద నీళ్లలోకి చూస్తూ పైన తిరిగే చేపని కొట్టాడు. ఇక్కడా చూపు బంతి మీద ఉండాలి, గురి మాత్రం కనపడని చోట ఉండాలి. ఆ చోటుని మనసులో పట్టుకుని ఉండటమే కష్టం. నేల మీది కర్రకి ఆ పని చేతకాదు.

ఇది నా ఒక్కడి అనుభవమే కాదు. గాబ్రియేల్ వుల్ఫ్ బృందం 1999లో అచ్చువేసిన గోల్ఫ్ ప్రయోగంలో, తమ చేతుల కదలిక మీద మనసు పెట్టినవాళ్లకన్నా క్లబ్ కదలిక మీద మనసు పెట్టినవాళ్లు లక్ష్యానికి దగ్గరగా కొట్టారు. కెనడాలో కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్ చూపు మీద పరిశోధన చేసి 'క్వయట్ ఐ' అనే మాట తెచ్చారు. మంచి పుటింగ్ (గ్రీన్ మీద బంతిని హోల్‌లోకి దొర్లించడం) చేసేవాళ్ల చూపు కొట్టే ముందు బంతి మీద రెండు సెకన్లపాటు నిలకడగా ఉంటుంది, మిగతావాళ్ల చూపు బంతికీ హోల్‌కీ క్లబ్‌కీ మధ్య ఊరికే తిరుగుతుంటుంది.

కర్ర పక్కన పెట్టాక నేను చేసేది జాక్ నిక్లాస్ చేసిందే. మేజర్లు అనే అతిపెద్ద టోర్నీలు 18 గెలిచిన ఆ మనిషి దూరపు లక్ష్యానికి నేరుగా గురిపెట్టేవాడు కాదు. బంతి వెనక నుంచి చూసి, బంతికి కొద్ది అడుగుల ముందు అదే గీత మీద ఏదో ఒక గుర్తు ఎంచుకుని క్లబ్ ఫేస్‌ని దానికి పెట్టేవాడు. ఎండిన గడ్డిపోచ, పాత డివట్ (క్లబ్ తగిలి గడ్డి లేచిపోయిన చోటు), బంతిని నిలబెట్టే టీ పుల్ల విరిగిన ముక్క, ఏదైనా సరే. 200 గజాల అవతలి చెట్టుకి ఫేస్‌ని సరిగ్గా పెట్టడం కన్నా మూడడుగుల ముందున్న ఆకుకి పెట్టడం ఎంత తేలికో చేసి చూస్తే గాని తెలీదు. కర్రలు నేర్పేది కూడా నిజానికి ఇదే గీతని చూడటం. రేంజిలో కర్ర వేసే ముందు ఒక గుర్తు ఎంచుకుని ఫేస్ పెట్టి, ఆ తర్వాత కర్రతో సరిచూసుకుంటాను. కర్రని పాఠం చెప్పే పంతులుగా కాక పేపర్లు దిద్దేవాడిగా వాడుకోవడం అన్నమాట.

దూరపు లక్ష్యం కూడా ఎంత చిన్నదైతే అంత మంచిది. "ఫెయిర్‌వేలోకి" అనుకుంటే మనసు ఎక్కడా నిలవదు. ఇక్కడి కోర్సులు చదునుగా ఉంటాయి, ఊరి వాటర్ ట్యాంకులు దూరం నుంచే కనిపిస్తాయి. ట్యాంకు మొత్తం కాదు, దాని మీద రాసిన ఊరి పేరులో ఒక అక్షరం. చెట్టయితే ఒక కొమ్మ. కుడివైపు నీళ్లున్న హోల్ దగ్గర "నీళ్లలోకి మాత్రం వద్దు" అనుకున్న మరుక్షణం టెన్షన్ మొదలై కళ్లు నీళ్ల మీదే ఉంటాయి. అప్పుడు కొమ్మ పని చేస్తుంది. వెళ్లకూడని చోటుని మర్చిపోవడం మన చేతుల్లో లేదు గానీ, వెళ్లాల్సిన చోటుకి ఒక పేరు పెట్టుకోవడం ఉంది. కొమ్మని ఒకసారి చూసి, చూపు బంతి మీదకి తెచ్చి, ఆలస్యం చేయకుండా కొట్టేస్తాను. బంతి మీద నిలబడి ఆలోచించేకొద్దీ కొమ్మ మసకబారుతుంది, మోకాలు గుర్తొస్తుంది.

రూల్స్ తెలియక ఇబ్బంది పడకండి. కర్ర బ్యాగులో ఉండొచ్చు, రౌండు మధ్యలో వాడకూడదు, దానితో ప్రాక్టీస్ స్వింగ్ చేసినా తప్పే. 2019లో తిరగరాసిన రూల్స్ ప్రకారం పాదాలు సరిచూసుకోవడానికి నేల మీద క్లబ్‌గానీ మరేదైనా గానీ పెట్టి దాని ఆధారంగా నిలబడితే మొత్తం దెబ్బలు లెక్కపెట్టే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకుల పెనాల్టీ. తర్వాత దాన్ని తీసేసినా తప్పదు. నేల మీద అప్పటికే ఉన్న ఆకుని గుర్తుగా వాడుకోవచ్చు, మీరే తెచ్చి పెడితే మాత్రం చెల్లదు. హైదరాబాద్‌లో ఆడే మిత్రులకి ఇంకో సంగతి. గోల్కొండ కోట పక్కనున్న కోర్సులోనైనా ఇంకెక్కడైనా, మన దగ్గర బ్యాగు మోసే క్యాడీ తోడు ఉండటం మామూలే. వెనక నిలబడి "సార్, కొంచెం లెఫ్ట్" అనే క్యాడీ కర్రకన్నా బాగా పనిచేస్తాడు కూడా. పోటీల్లో అదీ కుదరదు. మీరు స్టాన్స్ తీసుకోవడం, అంటే కొట్టడానికి కాళ్లు సర్దుకోవడం, మొదలుపెట్టాక క్యాడీ బంతి వెనక మీ గురి గీత మీద కావాలని నిలబడకూడదు. ఆదివారం స్నేహితుల ఆటలో మీ ఇష్టం.

కర్రలకి ఇంకో పరిమితి ఉంది. అవి చూపించేది తిన్నటి గీత. బంతి ఎప్పుడూ తిన్నగా పోదు. తెలుగు తల్లిదండ్రులకి కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల ఆట చూడండి. 2023లో నాపాలో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి అమెరికా ప్రొఫెషనల్ టోర్నీల వరస అయిన పీజీఏ టూర్‌లో మొదటి టైటిల్ అందుకున్నాడు. బంతిని అటూ ఇటూ వంచి ఆడటం అతనికి అలవాటు. అలా ఆడేవాళ్లకి కర్ర చూపించాల్సింది జెండాని కాదు, బంతి బయలుదేరాల్సిన దిక్కుని. మీ బంతి సహజంగా కుడికి పది గజాలు వంగితే, కర్రని జెండాకి పది గజాల ఎడమకి వేసుకోండి. వంపుతో కుస్తీ పట్టక్కర్లేదు. టెక్సస్ గాలికి కూడా ఇదే లెక్క.

పుటింగ్‌కి ఒక్క కర్ర చాలు. తిన్నగా ఉన్న మూడడుగుల పుట్ దగ్గర హోల్ వైపు వేసి, దాని పక్కనే పుటర్ నడిపిస్తే ఫేస్ ఎటు తిరుగుతోందో ఇట్టే కనిపిస్తుంది. కర్ర తీశాక అప్పుడప్పుడు బంతిని కాక హోల్‌నే చూస్తూ పుట్ చేస్తాను. మా డాలస్ వాడు జోర్డన్ స్పీత్, 2015లో మాస్టర్స్, యూఎస్ ఓపెన్ రెండూ గెలిచినవాడు, చిన్న పుట్లు అలా చేయడం టీవీలో అందరూ చూసిందే. పిచ్చిగా అనిపిస్తుంది గానీ, చేతుల గురించిన ఆలోచన నిజంగానే తగ్గుతుంది.

వస్తువుగా చూస్తే ఫిర్యాదులు చిన్నవి. ఎండకి రంగు వెలిసింది, చివరన ఉండే ప్లాస్టిక్ టోపీలు ఎప్పుడో ఊడిపోయాయి. క్లబ్ తగిలి ఫైబర్‌గ్లాస్ చీలితే మాత్రం జాగ్రత్త. కంటికి కనపడని సన్నటి నూగు వేళ్లలో దిగి రెండ్రోజులు సతాయిస్తుంది. చీలిన కర్రకి టేపు చుట్టి వాడకండి, పారేయండి. విమానంలో తీసుకెళ్లడానికి మడతపెట్టే రకం కూడా కొన్నాను, అతుకుల దగ్గర వదులై గీత తిన్నగా ఉండటం మానేసింది. తిన్నగా లేని అలైన్‌మెంట్ స్టిక్‌తో ఏం చేసుకుంటాం? గోల్ఫ్ బ్రాండు పేరున్న జతకి పది ఇరవై డాలర్లు తీసుకుంటారు. మంచు పడే రాష్ట్రాల్లో ఇంటి ముందు దారి అంచు తెలియడానికి పాతే ఫైబర్‌గ్లాస్ కర్రలు హార్డ్‌వేర్ షాపులో అంతకన్నా తక్కువకే దొరుకుతాయి, పనిలో తేడా నాకేమీ కనపడలేదు. నారింజ లేదా పసుపు రంగు తీసుకోండి. తెల్లవి ఎండలో మ్యాట్ గీతల్లో కలిసిపోతాయి.